మెరుపు చావాలి

"ఇంకా గట్టిగా తోము. జిడ్డు ఒగ్గేస్తే ఉప్పుకాయితం జారిపోతాది," అంది మంగాయమ్మ కింద నుంచి.

స్టూలు మీద నిలబడ్డ సౌమ్య గుడ్డని ఇంకా గట్టిగా అదిమింది. బట్టల సోడా కలిపిన నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. అరచేతులు మండిపోతున్నాయి. లోపలి గుమ్మం పైన, నిగనిగలాడే నీలం గోడ మీద, ఆమె ముఖానికి జానెడు దూరంలో ఆమె పేరే ఉంది.

చి.ల.సౌ. సౌమ్య.

తెల్లటి అక్షరాలు, వాటికి పసుప్పచ్చ అంచు. ఈ చివర ఆమె పేరు, ఆ చివర 'చి. ప్రతాప్', మధ్యలో ఒక కలశం. రెండేళ్ల అగరుబత్తి పొగ, వంటింటి నూనె ఆవిరి అక్షరాల మీద పేరుకుని ఉంది. గోడంతా కడగమంది అత్తగారు; సౌమ్య తుడిచేకొద్దీ రెండు పేర్లూ కొత్తగా వెలుగుతున్నాయి. తన పేరు తుడుస్తుంటే మాత్రం శవానికి చివరి స్నానం చేయిస్తున్నట్టే ఉంది ఆమెకి.

"అత్తమ్మా, ఒక మాట అడుగుతాను."

"అడుగు. అడక్కండా ఎప్పుడున్నావు గనక."

"నా పేరు ఎందుకు చెరిపిస్తన్నారు?"

"ఎందుకేటి? సౌభాగ్యవతి అని రాసుంది కాదేటి అక్కడ! ఉందేటి నీకు సౌభాగ్యం? కొత్త కోడలు ఈ గుమ్మంలోంచే లోపలికి రావాల. ఆ పిల్ల నెత్తి మీద నీ పేరుంటే ఎలగ?"

సౌమ్య గుడ్డని బకెట్లో ముంచి పిండింది. అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు.

"మరి ఆయన పేరు ముందు చిరంజీవి అని ఉంది. అదుండొచ్చేటి?"

మంగాయమ్మ చెయ్యి తలుపు మీద ఫెడేల్మని పడింది. స్టూలు కదిలింది.

"నోరు ముయ్యి! నా బాబు జోలికొచ్చేవంటే నాలిక కోసేస్తాను. ఆడి పేరు మీద ఈగ వాలకూడదు. ఈ ఇల్లు కూలినా ఆ పేరు ఉంటాది."

సౌమ్య గుమ్మం పట్టుకుని నిలదొక్కుకుని మళ్లీ తుడవసాగింది. గుడ్డలోంచి నీళ్లు బకెట్లోకి చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆ మాట అన్నందుకు సౌమ్యకి సిగ్గేసింది, కోపమూ తగ్గలేదు. సీపత్ రోడ్డు మీద బొగ్గు లారీ గుద్దింది మంగాయమ్మ కొడుకునే కాదు, సౌమ్య మొగుణ్ణి కూడా. ఏడు నెలలుగా ఆ ఇంట్లో ఈ రెండో సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

కుదుదండ్‌లో హిందీవాళ్ల మధ్య ఒక ఇంటి గోడ మీద తెలుగు అక్షరాలేమిటని అడిగేవాళ్లు ఆ వీధిలో చాలామందే ఉన్నారు. బొబ్బిలి పక్క నుంచి వచ్చిన రైల్వేవాళ్లు కొందరు పెళ్లికి గోడ మీద పేర్లు రాయించుకునే అలవాటుని మూటలో కట్టుకునే తెచ్చుకున్నారు. ఈ ఇంట్లో రాయించుకోవాల్సిన పని కూడా లేకపోయింది. మావగారు సుబ్బరామయ్య రైల్వే షెడ్డులో పెయింటరు. రైలు పెట్టెల మీద నంబర్లు, ఊళ్ల పేర్లు రాసి రాసి రిటైరైన చెయ్యి. కొడుకు పెళ్లికి ఆ చేత్తోనే ఆయిల్ పెయింటుతో రాశాడు. గృహప్రవేశం నాడు చుట్టాలందరి ముందూ కోడలికి మాటిచ్చాడు కూడా.

"గోడ మీద అక్షరం ఉన్నన్నాళ్లు ఈ ఇల్లు నీదేనమ్మా. ఎవరు కాదన్నా నాను ఒప్పుకోను."

అందరూ చప్పట్లు కొట్టారు. మంగాయమ్మ కూడా కొట్టింది.

ఇప్పుడు ఆ మాటే పట్టుకుంది మంగాయమ్మ. అక్షరం ఉన్నన్నాళ్లే కదా అన్నాడు? అక్షరం పోతే మాటా పోతుంది. సాయంత్రం వైజాగ్ బండికి సౌమ్యని పార్వతీపురం పంపించెయ్యాలని నిర్ణయమైపోయింది. అక్కడ అన్న ఉన్నాడు. అన్నకి పెళ్లాం ఉంది. ఆవిడ ఫోన్లో ఒకటే మాటంది: "రావొచ్చు, కానీ ఎన్నాళ్లకని?"

సుబ్బరామయ్యని అడగలేదా అంటే అడిగారు. కొడుకు పోయిన పదో రోజున పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నోటి మాటా పడిపోయింది. మిగిలింది ఒక్కటే మాట, "అచ్ఛా". అన్నం పెడితే అచ్ఛా, కాలు మంటపుడితే అచ్ఛా, కొడుకు ఫొటో చూసి ఏడ్చినా అచ్ఛాయే. నిన్న మంగాయమ్మ, హాల్లో ఆ గోడకి ఎదురుగా ఉన్న ఆయన మంచం పక్కన కూర్చుని, "ఏవండీ, దాని పేరు తీయించేస్తన్నాను. సరేనా?" అని అడిగింది.

"అచ్ఛా," అన్నాడాయన. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని.

"చూసేరా? ఒప్పుకున్నారు," అని ఇంట్లోవాళ్లతో చెప్పి లేచిపోయింది.

"దిగు. చాల్లే," అంది మంగాయమ్మ ఇప్పుడు.

సౌమ్య దిగింది. ఉప్పుకాయితం పొట్లం తీసి అత్తగారు ఆమె వైపు చాపింది.

"ఆరేక నువ్వే గోకేయ్. నీ పేరు నువ్వే."

"కడగమన్నారు, కడిగేను. గోకడం నా చేత కాదు."

"ఏటి?"

"చేత కాదన్నాను. ఇంకెవరి చేతైనా చేయించుకోండి. నేను మాత్రం ముట్టుకోను."

మంగాయమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. కొడితే కొట్టించుకునేట్టే నిలబడింది సౌమ్య. కొట్టలేదు.

"వంటింట్లోకి పో. చుట్టాలొస్తారు, పులిహోర కలుపు. నేను పిలిచేదాకా ఇటు రాకు," అని మాత్రం అంది.

పెయింటర్ని పిలవొచ్చు కదా అని మీరనొచ్చు. పిలిచారు, పోయిన వారమే. ముందుగదిలో నూనెరంగు మెరుపు మీదే గబగబా కొత్త రంగు పూసేసి వెళ్లాడు వాడు. నాలుగు రోజులకి అరటిపండు తొక్కలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. సుబ్బరామయ్యకి నోరుండి ఉంటే నాలుగు తిట్టేవాడు. షెడ్డులో కుర్రాళ్లకి ఆయన నేర్పిన మొదటి పాఠం అదే: "ముందు మెరుపు చావాల. మెరిసే గోడ దేన్నీ పట్టుకోదు. కడుగు, ఆరబెట్టు, గోకు, మెరుపు చంపు, అప్పుడు రంగు ముట్టుకో." మంగాయమ్మకి అక్షరం ముక్క రాదు గానీ ఈ పాఠం మాత్రం కంఠతా వచ్చు. పెయింటర్ని తరిమేసింది. పైగా కొడుకు పేరు పక్కన పరాయివాడి చెయ్యి పడటం ఆమెకి ఇష్టం లేదు.

అందుకని పని దిలీప్ మీద పడింది. దిలీప్ చిన్నకొడుకు, మొబైల్ షోరూంలో పనిచేస్తాడు. పెళ్లి వాడిదే.

"సున్ అమ్మా, విను, వదిన ఇక్కడుంటే ఏమైంది? ఆమె ఏం అడుగుతోంది?" అన్నాడు చొక్కా విప్పి బనీనుతో నిలబడి.

"నీకు తెలీదు. పెళ్లయ్యేక మాట్లాడు."

"అరే, లేకిన్..."

"లేకిన్ లేదు, గీకిన్ లేదు. అన్నయ్య పేరు ముట్టుకోకు. దాని పేరు పూర్తిగా చెరిపేయ్. మెరుపు చావాల. బేగి కానియ్, పిల్ల తండ్రి ఆదినారాయణగారు సాయంత్రం కాకముందే వచ్చేస్తారు."

చెప్పేసి ఆమె వెనక వరండాలోకి పోయి గోడకి వీపు ఆనించి కూర్చుంది. గోకుడు చప్పుడు వినే ఓపిక ఆమెకి లేదు. కొడుకు పక్కనే కదా గోకుతున్నది, కొడుకునే గోకుతున్నట్టు ఉంటుంది. రాయిలాంటి మనిషని వీధంతా అంటుంది గానీ, ఆ వరండాలో ఆమె చెంగు నోట్లో కుక్కుకోవడం వీధి చూడలేదు.

దిలీప్ స్టూలెక్కాడు. పైకి చూశాడు. మళ్లీ చూశాడు.

వాడికి తెలుగు చదవడం రాదు.

మాట్లాడతాడు, తిడతాడు, పాటలు పాడతాడు. బడి మాత్రం హిందీ మీడియం. పెళ్లి శుభలేఖలు వస్తే అన్నయ్యే చదివి చెప్పేవాడు. "జలేబీ చుట్టలురా నీకివి," అని ఏడిపించేవాడు కూడా. ఇప్పుడు ఎదురుగా రెండు జలేబీ చుట్టలున్నాయి. ఏది ఎవరిదో అమ్మని అడుగుదామంటే అమ్మకీ రాదు. ఇద్దరూ కళ్ల ముందు తిరుగుతున్నన్నాళ్లు ఏ పేరు ఎవరిదని అడగాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నాన్నని అడిగితే అచ్ఛా అంటాడు. ఇంట్లో తెలుగు చదివే మనిషి ఒక్కతే మిగిలింది. చెరిపేది ఆమె పేరే.

స్టూలు దిగి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. సౌమ్య మూకుట్లో పోపు వేస్తోంది.

"వదినా."

ఆమె తిరగలేదు.

"వదినా, అది... ఆ పేర్లలో..."

"నా పేరు నా ముందు ఎత్తకు దిలీప్. నీ దగ్గర్నుంచి సారీలు నాకు అక్కర్లేదు. వెళ్లి నీ పని చూసుకో."

"సారీ కాదు, ఒక్క మాట..."

"వెళ్లమన్నానా!"

ఆవాలు చిటపటలాడాయి. బీకామ్ చదివిన కుర్రాడు, రేపో మాపో పెళ్లికొడుకు. నాకు మన అక్షరాలు రావు వదినా అని ఆ చిటపటలకి మించి గొంతెత్తి చెప్పగలడా? చెప్పలేకపోయాడు. సిగ్గు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది.

మళ్లీ స్టూలెక్కాడు. లెక్కేసుకున్నాడు. ఒక పేరు పొట్టిగా ఉంది. ఒకటి పొడుగ్గా, ముందు మూడు చుక్కలతో ఉంది. ఆఫీసు బోర్డుల మీద పెద్దవాళ్ల పేర్ల ముందే చుక్కలుంటాయి. ఇంటికి పెద్దకొడుకు అన్నయ్య. పొడుగుది అన్నయ్యది, పక్కా.

ఉప్పుకాయితం మడిచి పొట్టి పేరు మీద పెట్టాడు.

వంటింట్లోకి ఆ చప్పుడు వచ్చింది. గర్ గర్ మని, ఆగి, మళ్లీ గర్ మని. సౌమ్య గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఇప్పుడు 'చి' పోయి ఉంటుంది. ఇప్పుడు 'సౌ'. ఒక్కో అక్షరం లెక్కపెట్టుకుంటోంది, ఎవరో తన వేళ్లు ఒక్కొక్కటీ విరుస్తున్నట్టు.

"అచ్ఛా!"

హాల్లోంచి మావగారి గొంతు. ఎప్పుడూ లేనంత గట్టిగా.

"అచ్ఛా! అచ్ఛా! అచ్ఛా!"

మంచం కోళ్లు నేలమీద కొట్టుకున్నాయి. సౌమ్య గరిటె వదిలేసి గుమ్మం దాకా వచ్చి ఆగింది. పిలిచేదాకా రావద్దంది అత్తగారు. పైగా ఆ గోడ చూసే ధైర్యం ఆమెకి లేదు.

"హాఁ పాపా, అచ్ఛా హీ హో రహా హై," అన్నాడు దిలీప్, బాగానే అవుతోందని, గొంతులో కొంచెం గర్వం. "అమ్మా, విన్నావా? నాన్న కూడా అచ్ఛా అంటన్నారు!"

"మరి పని నేర్పిన మనిషి కాదేటి," అంది మంగాయమ్మ వరండాలోంచి. "మెరుపు చచ్చిందా?"

"చచ్చింది అమ్మా. ఏకదమ్ సాఫ్."

సుబ్బరామయ్య గొంతు మెల్లమెల్లగా తగ్గిపోయింది. 

"అమ్మీ, ఇటు రా. ఆ పొడి ఊడ్చేయ్, చుట్టాలొచ్చే వేళైంది," అని కేకేసింది మంగాయమ్మ.

సౌమ్య చీపురు పట్టుకుని హాల్లోకొచ్చింది. తల ఎత్తలేదు. గడప చుట్టూ నీలం పొడి, మధ్యమధ్య తెల్లటి పెచ్చులు, వాటికి పసుప్పచ్చ అంచు. వంగి ఊడ్చింది. తనని తనే ఊడ్చుకుంటున్నానని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చేటలోకి ఎత్తి పెరట్లో కాలవలో పోసింది. పెచ్చులు కాసేపు తేలాయి. తర్వాత కొట్టుకుపోయాయి.

పోతే పోయింది. చేతులు కడుక్కుంది. లోపలికొస్తూ, ఇక చూడాలి కదా అని తలెత్తింది.

చి.ల.సౌ. సౌమ్య.

కడిగిన అక్షరాలు నిగనిగా మెరుస్తున్నాయి. కలశానికి ఆ పక్కన గోడ బూడిదరంగులో, గరుకుగా, గజ్జి మచ్చలా ఉంది. అక్కడ ఏమీ లేదు.

ఆమె చేతిలో చేట కింద పడిపోయింది.

కాలవలో పోసింది ఆయన్ని. తన చేత్తో, తన చేటతో.

వెనక్కి తిరిగింది. సుబ్బరామయ్య మంచం మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. కళ్లు గోడ మీదే ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. ఎడమచెయ్యి ఎత్తి గోడ వైపు చూపించాడు, తర్వాత ఆమె వైపు. ఆయనకి తెలుసు. ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలీదు.

అప్పుడే మంగాయమ్మ తలస్నానం చేసి, పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. దిలీప్ భుజం పట్టుకుని స్టూలెక్కింది.  చిటికెడు కుంకుమ తీసి, మిగిలిన పేరు మీద, మొదటి అక్షరం దగ్గర బొట్టు పెట్టింది. చెంప ఆ అక్షరాలకి ఆనించింది.

"నా తండ్రీ... నా బాబూ... ఒక్కడివీ అయిపోయేవు నాన్నా. భయపడకు. అమ్ముంది."

ఏడు నెలల్లో ఆమె అలా ఏడవడం సౌమ్య చూడలేదు. కొడుకు శవం వచ్చిన రోజు కూడా పళ్లు బిగించుకుని పనులు పురమాయించిన మనిషి. ఇప్పుడు కోడలి పేరుని కావలించుకుని గుండె పగిలేట్టు ఏడుస్తోంది.

చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. గోడ మీద ఉన్నది నేనే అత్తమ్మా, మావయ్యగారి మాట ప్రకారం ఈ ఇంట్లో ఉండాల్సింది నేనే, మీ కొడుకుని మీరే గోకించేసేరు అని. మాట నాలిక చివరికొచ్చింది. ఎన్నాళ్ల కసి! చెబితే తీరిపోతుంది.

మంగాయమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని స్టూలు మీంచే తిరిగింది.

"అమ్మీ. నువ్వెలాగూ పోతన్నావు. నువ్వు పోతే ఈ ఇంట్లో మన అక్షరం చదివేవోళ్లు ఉండరు. ఓపాలి చదివి వినిపించు. నా బాబు పేరు."

సౌమ్య ఆమె ముఖం చూసింది. చెంపకి తెల్లటి పొడి అంటుకుంది, కుంకుమ అంటుకుంది. దిలీప్ అటూ ఇటూ చూస్తున్నాడు.

"చదవే. అంత బరువేటి?"

"చిరంజీవి," అంది సౌమ్య.  కళ్లు గోడ వైపు తిప్పి మళ్లీ అంది. "చిరంజీవి ప్రతాప్."

మంగాయమ్మ కళ్లు మూసుకుని విన్నది. తృప్తిగా తల ఊపింది. నెమ్మదిగా దిగి, కోడలి దగ్గరికొచ్చి, ఏడు నెలల తర్వాత మొదటిసారి ఆమె భుజం మీద చెయ్యేసింది.

"బండిలోకి పులిహోర కట్టుకో. ఖాళీ కడుపుతో పోకు," అంది.

ఆ మాత్రం మంచి మాట చాలనిపించింది సౌమ్యకి. సంచీ తెచ్చుకుందామని గదిలోకి అడుగేసింది.

బయట కారు ఆగింది. దిలీప్ గబగబా చొక్కా తొడుక్కున్నాడు. చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు ఆదినారాయణ. నెహ్రూ నగర్‌లో ఉంటాడు, బ్యాంకు ఉద్యోగం మీద కాకినాడ నుంచి బదిలీ అయి వచ్చిన మనిషి. పెళ్లికూతురి తండ్రి. ఈ ఇంటి పెద్దకోడలి పేరేమిటో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చేతిలో పళ్ల బుట్ట, ముఖం నిండా నవ్వు.

"రంగుల పనిలో ఉన్నట్టున్నారు! పర్లేదండీ, ఇల్లు ఇల్లులాగే చూడాలి," అంటూ లోపలికొచ్చి ఆగిపోయాడు. గుమ్మం పైకి చూశాడు. "అబ్బ! ఎంత చక్కటి చెయ్యండీ! ఈ ఊళ్లో తెలుగక్షరం కనపడితే ప్రాణం లేచొస్తుంది."

"మా ఆయనే రాసేరు అన్నయ్యగారూ," అంది మంగాయమ్మ పొంగిపోతూ.

ఆయన కళ్లజోడు సర్దుకుని, బడిపిల్లాడిలా గొంతెత్తి చదివాడు.

"చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి సౌమ్య." మళ్లీ నవ్వాడు. "ఎవరండీ ఈ అమ్మాయి? మీకు ఆడపిల్ల ఉందని చెప్పలేదే! మరి పక్కన పేరు చెరిపేశారేం?"

పళ్ల బుట్ట అందుకోబోయిన దిలీప్ ఆగిపోయాడు.

మంగాయమ్మ గోడ వంక చూసింది. కుంకుమ బొట్టు పెట్టిన వైపు చూసింది, గోకేసిన వైపు చూసింది. దిలీప్ కేసి చూస్తే వాడు తల దించుకున్నాడు. చేతికి అంటిన తెల్లటి పొడిని వేళ్లతో నలుపుతూ, చుట్టాన్ని కూర్చోమని కూడా అనకుండా, గది గుమ్మంలో సంచీతో నిలబడ్డ కోడలి ముందుకొచ్చింది.

"అమ్మీ," అంది. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఇందాక నువ్వు నాకు చదివిందేటి?"

మంచం మీంచి సుబ్బరామయ్య ఎడమచెయ్యి మళ్లీ లేచింది, ముందు గోడ మీది పేరు వైపు, తర్వాత కోడలి వైపు.